'డైడ్ ఇన్ ద వుల్' ఎవరి ముందు పెట్టాలి, ఎక్కడ వదిలేయాలి

మీ ప్రశ్న సంగతి ముందు చెప్పి మొదలుపెడతాను, కొత్తగా చదివేవాళ్ళకి తికమక లేకుండా. తాతగారి మొదటి వర్ధంతికి కుటుంబం చిన్న పుస్తకం వేస్తోంది. అమెరికాలో పెరిగిన మునిమనవలు తెలుగు చదవలేరు కాబట్టి మీ వ్యాసం ఇంగ్లిష్‌లో రాశారు. అదే వ్యాసాన్ని సంస్మరణ సభలో చదువుతారు కూడా. అందులో మూడు చోట్ల 'డైడ్ ఇన్ ద వుల్' అనే మాట వాడారు (మాటకి మాట చూస్తే 'ఉన్నిలోనే రంగు పట్టిన', అంటే తన నమ్మకం ఇక మార్చుకోని మనిషి అని). ఒక కజిన్ చదివి "ఇది తాతయ్యని మొండివాడు అన్నట్టుంది" అన్నారు, ఇంకో కజిన్ "భలే ఉంది, తీయకు" అన్నారు. ఎవరు చెప్పింది నిజమో తేల్చమన్నారు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మొదటి కజిన్‌కి వినిపించిన మొండితనం ఆ మాటలో నిజంగానే ఉంది. రెండో కజిన్‌కి నచ్చిన అందమూ ఉంది. మీరు వాడిన మూడు చోట్లలో ఒకటి చిన్న దిద్దుబాటుతో నిలబడుతుంది, రెండోదానికి వేరే మాట కావాలి, మూడోది తీసేయాల్సిందే. ఇంగ్లిష్ పత్రిక డెస్కులో ఇలాంటి కాపీలు, అంటే అచ్చుకి వెళ్ళే రాతలు, దిద్దడమే నా పని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మీ వాక్యాలు ఇవి. ఒకటి: "మై గ్రాండ్‌ఫాదర్ వజ్ ఎ వెరీ డైడ్ ఇన్ ద వుల్ కమ్యూనిస్ట్." రెండు: "హిజ్ డైడ్ ఇన్ ద వుల్ హానెస్టీ వజ్ నోన్ టు ద హోల్ విలేజ్." మూడు: "హి వజ్ డైడ్ ఇన్ ద వుల్ టిల్ హిజ్ లాస్ట్ బ్రెత్."

ముందు ఆ మాట ఎక్కడిదో చూద్దాం. అది తెలిస్తే మిగతావాటిలో సగం మీకే తోస్తాయి.

ఉన్నికి రంగు మూడు దశల్లో వేయొచ్చు. గొర్రె మీంచి కత్తిరించి, కడిగిన ఉన్నిని వడకకముందే రంగులో ముంచడం మొదటిది. దారం తీశాక ముంచడం రెండోది. బట్ట నేసేశాక ముంచడం మూడోది. నేసిన బట్టకి రంగు వేస్తే పడుగూ పేకా బిగిసి ఉన్నచోట లోపలిదాకా ఎక్కకపోవచ్చు. విడి ఉన్నికైతే ప్రతి పోగుకీ రంగు పడుతుంది. అందుకే ఆ రంగు గట్టిది, అంత తేలిగ్గా వదలదు అని పేరు. మనవైపు పోలిక కావాలంటే, పోచంపల్లిలో నేతకి ముందే దారానికి కట్లు కట్టి రంగు వేస్తారు, పెడనలో నేసిన బట్ట మీద అచ్చులు అద్దుతారు. ఇంగ్లిష్ వాళ్ళ మాట పోచంపల్లి కంటే కూడా ఒక అడుగు వెనక్కి వెళ్తుంది: దారం కూడా కాకముందే పట్టిన రంగు అది.

ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో నేసే హారిస్ ట్వీడ్ అలాంటిదే. వేర్వేరు రంగులు వేసిన ఉన్నిని కలిపి వడుకుతారు. దూరం నుంచి చూస్తే ఒకటే గోధుమరంగు కోటులా కనిపిస్తుంది. దగ్గరికి తెచ్చుకుని చూస్తే ఒక్క దారంలోనే ఆకుపచ్చ, పసుపు, నీలం పోగులు కనిపిస్తాయి. ఉన్ని ఆ దీవుల్లోనే రంగు వేసి వడికినదై ఉండాలని, నేత అక్కడివాళ్ళ ఇళ్ళలోనే జరగాలని బ్రిటన్ 1993లో చట్టమే చేసింది. ఆ మునిమనవల్లో ఎవరైనా "వుల్ ఎందుకొచ్చింది ఇందులోకి" అని అడిగితే ఆ కోటు గుడ్డ ఫొటో ఒకటి చూపించండి, చాలు.

ఇక సాహిత్యంలోకి ఎలా వచ్చిందంటే, 1579లో థామస్ నార్త్ అనే అనువాదకుడు ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన జీవిత చరిత్రలని ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు ఈ పోలిక వాడాడు. పిల్లలకి నడవడిక చదువుతో, పెంపకంతో చిన్ననాడే పట్టించడాన్ని ఉన్నిలోనే రంగు వేయడంతో పోల్చాడు. 1597లో రిచర్డ్ హూకర్ అనే మతాచార్యుడు కూడా పసితనం గురించే ఇదే పోలిక తెచ్చాడు. అంటే మొదట్లో ఇది పిల్లల మాట, పెంపకం మాట.

రాజకీయాల్లోకి వచ్చాక దీని రుచి మారింది. 1830లో అమెరికా రాజకీయ నాయకుడు డేనియల్ వెబ్‌స్టర్ (నిఘంటువు వెబ్‌స్టర్ వేరే మనిషి, ఆయన నోవా వెబ్‌స్టర్) దీన్ని ఎత్తిపొడుపుగా వాడాడు. అరగంటలో ఒక మనిషి ఉన్నిలోనే రంగు పట్టిన అసలైన డెమొక్రాట్‌గా బయటికి రాగలడు అన్నది ఆ దెప్పు. ఆ తర్వాత పార్టీల పేర్ల ముందు, సిద్ధాంతాల పేర్ల ముందు ఇది స్థిరపడిపోయింది. ఇవాళ ఇంగ్లిష్ పత్రికల్లో ఇది ఎక్కువగా కనిపించేది అక్కడే: డైడ్ ఇన్ ద వుల్ కన్సర్వేటివ్, డైడ్ ఇన్ ద వుల్ రిపబ్లికన్, మనవాళ్ళ దగ్గర డైడ్ ఇన్ ద వుల్ కాంగ్రెస్‌మన్.

మీరు అడిగిన ఇంకో సందేహానికి సమాధానం కూడా ఇందులోనే ఉంది. తాతగారు భజనలు చేసే ఇంట్లో పుట్టి, ఆంధ్ర మహాసభ రోజుల్లో పార్టీలోకి వచ్చారు కదా, పుట్టుకతో వచ్చిన నమ్మకం కానప్పుడు ఈ మాట అబద్ధం అవుతుందా అని అడిగారు. అవదండీ. మాట పుట్టింది పెంపకం గురించే అయినా, ఇవాళ్టి వాడుకలో అది చెప్పేది నమ్మకం ఎప్పుడు వచ్చిందని కాదు, ఇక మారదని. పద్దెనిమిదేళ్ళకి వచ్చి, 1964లో పార్టీ రెండుగా చీలినప్పుడూ, ఆ తర్వాత తన చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుపోయినప్పుడూ కదలని మనిషికి ఈ మాట నిక్షేపంగా సరిపోతుంది.

ఇప్పుడు మొదటి వాక్యం. ఇందులో 'వెరీ' తీసేయండి. రంగు పోగుపోగుకీ పట్టింది అన్నాక మళ్ళీ 'చాలా పట్టింది' అనడానికి చోటు లేదు. 'క్వైట్', 'రాదర్', 'మోర్' కూడా దీని ముందు నిలవవు. ఒక్క చోట మాత్రం మినహాయింపు ఉంది: "ఈవెన్ ద మోస్ట్ డైడ్ ఇన్ ద వుల్ స్కెప్టిక్" అన్నట్టు, 'ఎంతటివాడైనా సరే' అనే ఒత్తు కావాలనుకున్నప్పుడు మంచి రచయితలు కూడా 'మోస్ట్' వాడతారు. ఆ పలుకుబడి అలవాటుగా వచ్చేసింది. మీ వాక్యానికి దాని అవసరం లేదు.

హైఫన్ల సంగతి చిన్నదే. నామవాచకానికి ముందు వస్తే నాలుగు పదాల మధ్యా మూడు హైఫన్లు పెట్టండి, నాలుగూ కలిసి ఒకే విశేషణం అని కంటికి తెలియడానికి. మన పత్రికల్లో చాలా చోట్ల హైఫన్లు ఎగిరిపోతుంటాయి, అది చూసి మోసపోకండి. 'ద' వదిలేసి 'డైడ్ ఇన్ వుల్' అని రాసేవాళ్ళూ ఉన్నారు, అది తప్పు.

స్పెల్లింగ్ మాత్రం చిన్న విషయం కాదు. రంగు వేసిన 'డైడ్'లో డి తర్వాత వై, ఆ తర్వాత ఇ, డి వస్తాయి. చనిపోయిన 'డైడ్'లో వై బదులు ఐ ఉంటుంది. రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటర్ ఏ మాట కిందా ఎర్రగీత గీయదు. వర్ధంతి పుస్తకంలో ఇది తారుమారైతే ఎంత బాధగా ఉంటుందో ఊహించుకోండి. మీ టైపింగ్ ప్రతిలో రెండో పేజీలో అదే జరిగింది, ప్రెస్సుకి పంపేముందు మార్చండి.

మూడో వాక్యం ఎందుకు తీసేయమన్నానో కూడా ఇక్కడే చెప్పాలి. మీరు దాన్ని సభలో పైకి చదువుతారు. "హి వజ్ డైడ్" అని మైకులో వినపడగానే వినేవాళ్ళ చెవికి చావు మాటే తగులుతుంది, ఎందుకంటే రెండిటి ఉచ్చారణ ఒకటే. పైగా వెంటనే "లాస్ట్ బ్రెత్" అని ఉంది. కళ్ళతో చదివేవాడికి స్పెల్లింగ్ ఆసరా ఉంటుంది, చెవితో వినేవాడికి ఏ ఆసరా లేదు. మొదటి వాక్యంలో అయితే ఆ ఇబ్బంది తక్కువ. 'ఎ' అనే ఆర్టికల్ ముందు వచ్చి, 'కమ్యూనిస్ట్' వెంటనే వెనక వస్తుంది కాబట్టి విశేషణం అని వెంటనే తెలిసిపోతుంది.

అది పక్కనపెట్టినా వ్యాకరణం కూడా దాన్ని ఒప్పుకోదు. ఈ మాట సాధారణంగా నామవాచకానికి ముందే వస్తుంది. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళ కోసం ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేసే నిఘంటువులో దీని పక్కన 'మామూలుగా నామవాచకానికి ముందే' అని గుర్తు ఉంటుంది. 'హి వజ్ డైడ్ ఇన్ ద వుల్' అని ఆపేస్తే చదివేవాడు 'డైడ్ ఇన్ ద వుల్ ఏమిటి?' అని ఎదురుచూస్తాడు. ఎవరో చెప్పకుండా ఎలాంటివాడో చెప్పినట్టుంటుంది. ఆ చోట మామూలు మాటలు చాలు: "హి నెవర్ లెఫ్ట్ ద పార్టీ." వర్ధంతి వ్యాసంలో ఇలాంటి పొట్టి వాక్యం చేసే పని పెద్ద నుడికారం చేయలేదు.

రెండో వాక్యంలో ఇబ్బంది వేరు. 'డైడ్ ఇన్ ద వుల్' మనిషిని చెప్పే మాట, గుణాన్ని చెప్పే మాట కాదు. దాని వెనక రావాల్సింది ఒక నమ్మకమో, ఒక పక్షమో, ఒక పద్ధతో పట్టుకున్న మనిషి: కమ్యూనిస్ట్, టోరీ (బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీ మనిషి), గాంధేయవాది, నాస్తికుడు, పాత పద్ధతి మనిషి, ఒక టీమ్ అభిమాని. నిజాయతీ, ఓపిక, దయ లాంటి గుణాల ముందు అది అతకదు. నేను కాపీ దిద్దేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఈ మనిషి తలుచుకుంటే అది మానేయగలడా? మానేయగలిగీ మానడని చెప్పాలా? రెండిటికీ అవునని వస్తేనే ఆ మాట ఉంచుతాను. కమ్యూనిస్టు పార్టీ మానేయొచ్చు. శాకాహారి మాంసం తినడం మొదలుపెట్టొచ్చు. కాబట్టి వాళ్ళ ముందు ఇది కుదురుతుంది. పొడుగ్గా ఉన్నవాడినో, ఎడమచేతి వాటం ఉన్నవాడినో ఇలా అనలేం. డాక్టరు, ఇంజినీరు లాంటి ఉద్యోగాల ముందు కూడా అంతగా పొసగదు.

మరి తాతగారి నిజాయతీకి ఏ మాట? 'ఇన్‌గ్రెయిన్డ్' వాడండి. ఇదీ రంగుల బజారు నుంచి వచ్చిన మాటే. యూరప్‌లో ఒక రకం ఓక్ చెట్ల మీద బతికే కెర్మెస్ అనే పురుగుల నుంచి ఎర్రరంగు తీసేవాళ్ళు. ఎండబెట్టిన ఆ పురుగులు చూడ్డానికి గింజల్లా ఉండేవి, అందుకని దాన్ని 'గ్రెయిన్' అన్నారు. ఆ రంగు ఖరీదైనది, గట్టిది. దానితో అద్దిన బట్ట 'ఇన్ గ్రెయిన్' బట్ట. అదే తర్వాత అలవాట్లకీ గుణాలకీ మారింది. దీనికి ఇంకో సౌకర్యం ఉంది, క్రియ తర్వాత కూడా చక్కగా కూర్చుంటుంది. "హానెస్టీ వజ్ ఇన్‌గ్రెయిన్డ్ ఇన్ హిమ్, అండ్ ద హోల్ విలేజ్ న్యూ ఇట్" అనండి. మొదటి వాక్యంలో ఉన్నిరంగు, రెండోదాంట్లో ఈ ఎర్రరంగు. ఆయన జెండా రంగు కూడా అదే కాబట్టి, తెలిసి చదివేవాడికి లోపల ఒక తీగ కలుస్తుంది. తెలియనివాడికి నష్టం లేదు.

ఇక అసలు చిక్కుకి వస్తాను, మీ మొదటి కజిన్ పట్టుకున్నదానికి. ఈ మాటలో తీర్పు ఉంది. నేను పైన చెప్పిన నిఘంటువులోనే 'మామూలుగా మెచ్చుకోలు కాదు' అనే గుర్తు కూడా ఉంటుంది. ఒక పత్రికలో ఎవరినైనా డైడ్ ఇన్ ద వుల్ ఫలానా అన్నారంటే, ఆ మనిషితో వాదించి లాభం లేదు అనే అర్థం కొంచెం తొంగిచూస్తుంది. ఒక్కోసారి అది ముద్దుగా ఉంటుంది, ఒక్కోసారి విసుగ్గా ఉంటుంది. తెలుగులో మనకి ఈ తేడా బాగా తెలుసు. 'నరనరాన కమ్యూనిస్టు' అంటే గౌరవం, 'కరడుగట్టిన కమ్యూనిస్టు' అంటే అనేవాడు ఎటు నిలబడ్డాడో తెలిసిపోతుంది. మీ మనసులో ఉన్నది మొదటిది అని మీ వ్యాసం చదివితే అర్థమైంది. ఇంగ్లిష్ మాట ఈ రెండిటికీ మధ్యలో ఎక్కడో ఉంది, ఎటు మొగ్గాలన్నది చుట్టూ ఉన్న వాక్యాలు తేలుస్తాయి.

దగ్గరి బంధువులు చాలామంది ఉన్నారు దీనికి, వాళ్ళని కూడా ఒకసారి చూడండి.

'స్టాంచ్' స్వచ్ఛమైన మెచ్చుకోలు. అండగా నిలబడటం అందులో ఉంది. స్టాంచ్ సపోర్టర్, స్టాంచ్ ఆలై (మిత్రుడు) అంటారు. 'లైఫ్‌లాంగ్' ఏ తీర్పూ చెప్పదు, జీవితమంతా అని మాత్రమే చెబుతుంది. ఎప్పుడైనా సందేహం వస్తే ఇది వాడండి, ఎవరూ వేలెత్తి చూపలేరు. 'డివౌట్' భక్తికి. ఒక మతం పేరు ముందు 'డైడ్ ఇన్ ద వుల్' పెడితే ఆ మనిషి భక్తిని వదిలేసి పంతాన్ని మాట్లాడినట్టు ఉంటుంది, పెద్దవాళ్ళ గురించి రాసేటప్పుడు అలా వద్దు. 'ఇన్వెటరేట్' అలవాట్లకి, అందులోనూ మానలేని వాటికి: అబద్ధాలు, జూదం, పొగ. 'కన్ఫర్మ్‌డ్ బ్యాచిలర్' అనే మాటతో ఇంకా జాగ్రత్త. బ్రిటిష్ పత్రికల సంతాప వ్యాసాల్లో అది చాలాకాలం స్వలింగ సంపర్కులని పేరు చెప్పకుండా చెప్పే గుట్టుమాటగా నడిచింది. పెళ్ళి చేసుకోని మీ చిన్నతాత గురించి నాలుగో పేరాలో అదే మాట రాశారు. "హి నెవర్ మ్యారీడ్" అనడం కూడా ఆ పత్రికల్లో అదే పని చేసింది కాబట్టి, ఆ విషయమే ఎత్తకుండా ఆయన చెల్లెళ్ళ పిల్లల్ని చదివించిన సంగతి రాయండి.

'డైహార్డ్' కథ వేరు. 1811 మే 16న స్పెయిన్‌లో ఆల్బుయెరా దగ్గర జరిగిన యుద్ధంలో బ్రిటిష్ 57వ రెజిమెంట్ కల్నల్ ఇంగ్లిస్ గాయపడి పడిపోయి కూడా తన సైనికులని వెనక్కి తగ్గకుండా చావండి అనే అర్థంలో కేకేశాడని చెబుతారు. ఆ రెజిమెంటుకి అదే పేరైంది. 1911లో బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభ అధికారాలు తగ్గించే చట్టాన్ని ఆఖరిదాకా ఎదిరించిన ప్రభువులకీ అదే పేరు పెట్టారు. ఓడిపోతున్నా పోరాడటం ఈ మాటలో ఉంది. ఇప్పుడు మనదగ్గర సినిమా హీరోల వీరాభిమానులకి వాడి వాడి దాని పదును పోయింది. తాతగారికి ఇది వద్దు.

కాబట్టి మీ ముందు ఉన్నవి రెండే దారులు. గౌరవం ఒక్కటే చెప్పాలంటే "హి వజ్ ఎ లైఫ్‌లాంగ్ కమ్యూనిస్ట్" అని రాసి ముందుకెళ్ళండి. మనిషిని చూపించాలంటే 'డైడ్ ఇన్ ద వుల్' ఉంచండి, కానీ దాని వెంటనే ఒక ఎదురు సంగతి పెట్టండి. నేను చాలా కాపీల్లో గమనించింది ఏమిటంటే, ఈ మాట బాగా పండేది తర్వాత 'అయినా' వచ్చినప్పుడు. రంగు అంత గట్టిది అని చెప్పాక, ఆ మనిషి ఎక్కడ వంగాడో చూపిస్తే మొండితనం మొత్తం ప్రేమగా మారిపోతుంది. ఒట్టిగా వదిలేస్తే మొండితనమే మిగులుతుంది.

మీ దగ్గర ఆ సంగతి ఉంది, మూడో పేజీలో ఎక్కడో మధ్యలో పడి ఉంది. ఏటా నాయనమ్మని యాదగిరిగుట్ట తీసుకెళ్ళి, తాను గుడి లోపలికి వెళ్ళకుండా బయట ఆవిడ చెప్పులు కాస్తూ కూర్చునేవారని రాశారు. దాన్ని పైకి తీసుకురండి. "ఎ డైడ్ ఇన్ ద వుల్ కమ్యూనిస్ట్, హి స్టిల్ టుక్ మై గ్రాండ్‌మదర్ టు యాదగిరిగుట్ట ఎవ్రీ ఇయర్, అండ్ వెయిటెడ్ అవుట్‌సైడ్, గార్డింగ్ హర్ చప్పల్స్." ఈ ఒక్క వాక్యంలో ఆయన సిద్ధాంతం ఉంది, ఆవిడ భక్తి ఉంది, ఇద్దరి కాపురం ఉంది. గుళ్ళోకి వెళ్ళలేదు కాబట్టి రంగు వదల్లేదు, ఆవిడని వెళ్ళనివ్వకుండా ఆపలేదు కాబట్టి పంతమూ కాదు. మొదటి కజిన్‌కి ఈ వాక్యం చూపించండి, అప్పుడు ఏమంటారో అడగండి. ఇందులో 'స్టిల్' తీయకండి, వాక్యం బరువంతా దాని మీదే ఉంది. 'చప్పల్స్' మార్చి 'శాండల్స్' చేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది ఇంగ్లిష్ నిఘంటువుల్లోకి ఎక్కిన మాటే.

ఒక్క వ్యాసంలో ఈ నుడికారం ఒక్కసారే రావాలి. అరుదైన మాట రెండోసారి కనపడగానే చదివేవాడికి మాట గుర్తుంటుంది, మనిషి మరుగున పడతాడు.

కింద కామెంట్లలో ఇంకొకరు తమ ఎమ్మెస్ అప్లికేషన్‌లో "ఐ యామ్ ఎ డైడ్ ఇన్ ద వుల్ ప్రోగ్రామర్" అని రాయొచ్చా అని అడిగారు. వద్దు. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ఇది 'నేను మారను' అని ముందే చెప్పేయడం. కొత్తది నేర్చుకోవడానికి సీటు అడుగుతూ ఆ మాట అనకూడదు. ఎన్నేళ్ళ నుంచి కోడ్ రాస్తున్నారో, ఏం తయారుచేశారో చెప్పండి.

ఇలాంటి మాట ఇంకేదైనా వాడాలనిపించినప్పుడు అర్థం ఒక్కటే చూసి ఊరుకోకండి. ఆ మాటని కోట్స్‌లో పెట్టి ఇంగ్లిష్ వార్తాపత్రికల సైట్లలో వెతకండి, ఓ పాతిక వాక్యాలు చదవండి. వెనక ఏ నామవాచకాలు వస్తున్నాయో, రాసినవాడు ఆ మనిషిని మెచ్చుకుంటున్నాడా విసుక్కుంటున్నాడా అన్నది పక్కన రాసుకోండి. అరగంట పని. నిఘంటువులో ఒక్క ముక్కలో ఉండే గుర్తు వెనక ఏముందో అప్పుడు కళ్ళకి కడుతుంది.

ప్రెస్సుకి ఇచ్చేముందు ఇంకొక్కటి చూసుకోండి. పుస్తకం సైజు చిన్నది అన్నారు కాబట్టి మూడు హైఫన్లున్న ఆ మాట వరస చివర విరిగి సగం కింద పడొచ్చు. ప్రూఫ్ వచ్చాక ఆ వరస చూసి, విరిగితే ముందున్న పదాల్ని కాస్త సర్దమని డీటీపీ చేసే అతనికి చెప్పండి. సవరించిన పేజీలు ఇక్కడ పెడితే ప్రెస్సుకి వెళ్ళేలోపు మళ్ళీ ఒకసారి చూసి పెడతాను.